రెండుసార్లు జాడిస్తే చాలు

ఆ వేసవిలో పోర్ట్‌బ్లెయిర్‌లో నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. కాలేజీలో నా ల్యాబ్ గదికి వారానికి దక్కింది ఒకే ఒక్క డ్రమ్ము నీళ్ళు. అందుకే గాజు గొట్టాలు కడిగే అక్కతో అన్నాను, "రెండుసార్లు జాడిస్తే చాలు. వారమంతా ఈ నీళ్ళే మనకి."

అక్క ఒక తడి గొట్టాన్ని బొటనవేలితో రుద్ది నా ముందు పెట్టింది. "జారతంది చూడు చెల్లీ. సబ్బు ఉండిపోద్ది. తక్కువలో తక్కువ ఆరుసార్లు తిప్పాల."

"సబ్బే కదా అక్కా, ఏం కాదులే" అన్నాను. డెమాన్‌స్ట్రేటర్‌ని నేను, గొట్టాల సంగతి నాకు తెలియదా అన్న పొగరు ఆ మాటలో బాగానే ఉంది.

బతు బస్తీలో మా ఇంటికి రెండు సందుల అవతల ఆమె ఇల్లు. ఇద్దరిదీ ఒకటే తెలుగు చర్చి. దీవుల్లో పుట్టి హిందీ బడిలో చదువుకున్న నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే, పాటల పుస్తకంలో వరస మీద వేలు పెట్టి. కాలేజీలో మాత్రం అందరికీ ఆమె దీదీ. రోజుకూలీ మజ్దూర్. నెలనెలా మస్టర్ రోల్లో పేరు ఎక్కితేనే పని, లేకపోతే లేదు.

నా పని బాక్టీరియాకు పట్టే ఒక వైరస్ మీద. సముద్రంలోని బాక్టీరియాలో చేరి పెరిగి, వాటిని పగలగొట్టుకుని బయటికొస్తుంది. పైన ప్రోటీన్ గుల్ల, దాని కింద కొవ్వుతో అయిన పలుచటి పొర. ఆ పొర ఎలా ఏర్పడుతుంది, గుల్ల లేకుండా కూడా అది ఏర్పడుతుందా అన్నది మా ప్రశ్న. మద్రాసులో ఉన్న మా గైడుగారు నాకు కొన్ని మ్యూటెంట్లు ఇచ్చారు. వాటిలో ఏదో ఒక భాగం పాడై ఉంటుంది. చల్లగా ఉంచితే మామూలుగా పెరుగుతాయి, వేడి తగిలితే పని మధ్యలో ఆగిపోతాయి. ఎక్కడ ఆగాయో చూస్తే ఆ భాగం దేనికో తెలుస్తుంది. వాటిలో ఒకటి వేడిలో గుల్ల కట్టలేకపోయినా పొర సంచులు కడుతోందని నాకు అనుమానం.

వేడిలో ఉంచిన దాని నమూనా శుక్రవారం షిప్‌లో మద్రాసు వెళ్ళాలి. అక్కడి పెద్ద మైక్రోస్కోపు కింద దాన్ని చూసే రోజు ముందే ఖాయమైంది. ఈలోగా ఆ మ్యూటెంట్ చల్లదనంలో బతికే ఉందని నేను రుజువు చేయాలి. పళ్ళెంలో బాక్టీరియా పరిచి, గాజు గొట్టాల్లో పలుచన చేసిన వైరస్ వేస్తే, అది తిన్నచోటల్లా ఒక చుక్క ఖాళీ పడుతుంది. ఆ చుక్కలే రుజువు.

సోమవారం ఒక్క చుక్క పడలేదు. మ్యూటెంట్‌దే కాదు, ఏ లోపమూ లేని అసలు వైరస్‌దీ పడలేదు. మంచుగడ్డల తొట్టి మార్చి మళ్ళీ చేశాను. మంగళవారమూ అంతే. సీసా అడుగున ఇంకో రెండు ప్రయత్నాలకు సరిపోయేంత ద్రవం మిగిలింది.

మా విభాగం పెద్దసారు వచ్చి పళ్ళేలు చూసి హిందీలో అడిగారు, ఎవరు ముట్టుకున్నారని.

"ధోనే కా కామ్ తో దీదీ కర్తీ హై, సర్" అన్నాను. కడిగే పని దీదీది అని.

అక్క తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆయన ఆమెను రేపటినుంచి రావద్దన్నారు. ఆమె నావైపు చూసింది. నేను పళ్ళెంవైపు చూశాను. రెండుసార్లు చాలన్నది నేనేనని చెప్పలేదు.

బుధవారం పిల్లల ప్రాక్టికల్స్. వాళ్ళు వాడేది మురుగునీటి వైరస్, దానికి పొర ఉండదు. అవే గొట్టాలు, అదే కడుగుడు, అయినా సాయంత్రానికే వాళ్ళ పళ్ళేలు జల్లెడలా తూట్లు పడ్డాయి. అప్పుడు ఒక గొట్టంలో నాలుగు బొట్లు నీళ్ళు వేసి బొటనవేలితో రుద్దాను. జారింది.

కొవ్వు పొరను సబ్బు కరిగించేస్తుంది. నా వైరస్‌ను చంపింది నా మాటే.

అమ్మ తాగడానికి దాచిన బిందె అడిగి తెచ్చి ఆరుసార్లు జాడించాను. గురువారం పళ్ళెం నిండా చుక్కలు! చల్లటి పళ్ళెంలో మ్యూటెంట్ శుభ్రంగా పెరిగింది, వెచ్చటి దానిలో ఒక్క చుక్కా పడలేదు. ఆ క్షణం నేను గంతులేశానని ఒప్పుకోవాలి. అక్క గుర్తుకొచ్చింది ఆ తర్వాతే.

పెద్దసారుకు సబ్బు సంగతి చెప్పాను.

"దేఖా? ఠీక్ సే ధోయా హీ నహీ" అన్నారాయన. చూశావా, ఆమె సరిగ్గా కడగనే లేదని. ఆయన చేతిలో కలముంది, ఆ కలం కింద నా నమూనా పెట్టె షిప్ ఎక్కడానికి కావలసిన కాగితముంది. నేను మళ్ళీ నోరు మూసుకున్నాను. మొదటిసారి భయపడ్డానని సర్దిచెప్పుకోవచ్చు. ఈసారి లెక్క వేసుకునే మూసుకున్నాను.

శుక్రవారం షిప్ కదిలింది. శనివారం పెద్దసారు దగ్గరికి వెళ్ళి, అలా కడగమన్నది నేనేనని చెప్పాను. ఆయన "సోమవారం నుంచి రమ్మను" అన్నారు.

నేనే ఆమె ఇంటికి వెళ్ళి చెప్పాను, మొత్తం, ఏదీ దాచకుండా. అక్క బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది. "అలగా" అంది, అంతే. సోమవారం వచ్చింది. అడగకుండానే ఆరుసార్లు జాడించింది.

కొన్ని నెలలకు మద్రాసునుంచి ఫొటో వచ్చింది. బాక్టీరియా లోపల గుల్ల లేని సంచులు, వట్టి పొరలు, గుంపులుగుంపులుగా. నా అనుమానమే నిజం. ఆ ఆదివారం దాన్ని చర్చికి పట్టుకెళ్ళి, పాట మొదలవకముందే అక్క పక్కన కూర్చుని ఆమె ఒళ్ళో పెట్టాను.

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఒకప్పుడు నాకు అక్షరాలు చూపించిన వేలును ఒక సంచి మీద పెట్టింది.

"సబ్బుకి సచ్చిపోయేది ఇదేనా, మేడమ్?"

ఆ సోమవారం నుంచి కాలేజీలో అంటున్నట్టే చర్చిలో కూడా మేడమ్ అంది. ఆ తర్వాత చెల్లీ అని ఆమె నన్ను ఎప్పుడూ పిలవలేదు.