సీసా ముందు సామి

"...తాగనోనికి కల్లు కంపౌండ్ల ఏం పని అంటున్న!" వజ్రమ్మ గొంతు రావల్కోల్ వాడకట్టంతా వినబడింది.

"తాగుతలేనే. తాగబుద్ధి అయితాంటే దాన్ని సూస్తున్న, గంతే," అన్నాడు ఆమె మొగుడు బాలరాజు, నిమ్మళంగా.

జీడిమెట్ల ఫ్యాక్టరీలో బాయిలర్ చూసే బాలరాజు మూడు నెలల కింద శామీర్‌పేటలో ధ్యానం నేర్చుకున్నాడు. కోరిక పుడితే పక్కన నిలబడి చూడు, అది వేరు, నువ్వు వేరు అన్నాడు గురువు. చూడాలంటే కల్లు ఎదురుగా ఉండాలి కదా! అందుకే రోజూ డ్యూటీ దిగి, కంపౌండ్‌లో సీసా కొని ముందు పెట్టుకుని, నిటారుగా కళ్లు మూసుకుంటాడు. అరగంటకు లేచి దాన్ని పక్కవాడికిచ్చేస్తాడు. పక్క చోటు కోసం రోజూ తోపులాటే. 'సామీ' అని పిలిస్తే, "నేను అనేటోడే లేడు బిడ్డా," అంటూ మీసం సవరించుకుంటాడు.

కోరిక ఎలా లేచి ఎలా అణుగుతుందో ఆదివారం శిష్యులందరి ముందు కూర్చుని, చూస్తూ చెప్పమన్నాడు గురువు. బాలరాజు తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. శుక్రవారం గంటసేపు కూర్చున్నా నోరూరలేదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"యావ పోయిందే," అన్నాడు.

"పోతే మంచిదే గదయ్యా!"

"మరి ఎల్లుండి అందరి ముంగట ఏం సూడాలె?" బాలరాజు తలెత్తాడు. "రేపు రెండు సీసలు తాగుత."