సున్నా చుట్టిన డైవరు

అంతగా చేతులతో మాట్లాడే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. నౌకాదళంలో డైవరు, సముద్రం అడుగుకు దిగే ఉద్యోగం. ఎనభైల్లో మా అక్కను పెళ్లిచూపులు చూడటానికి నగర్తపేటలోని మా ఇంటికి వచ్చి, పిల్లను వదిలేసి చేప గురించి ఎత్తుకున్నాడు. ఆయన ఫొటోలోనే అక్కకు నచ్చేశాడని నాకొక్కదానికే తెలుసు.

"బండి చక్రమంత ఉండాదండీ! తోకే లేదు. తలకాయ ఒక్కటే ఈదుకుంటా వచ్చినట్లుండె! చిన్న చేపలు దాని ఒంటిమీది పురుగులు ఏరుకుని తింటా ఉంటే, కదలకుండా నన్నే చూసె!"

"తోక లేకుండా ఎట్లా ఈదుతుందండీ?" అని తగులుకున్నాను. ఒక చెయ్యి నెత్తిమీద, ఇంకో చెయ్యి కడుపు కింద పెట్టుకుని, రెండూ రెక్కల్లా ఒకేసారి ఊపి చూపించాడు.

నాన్నకు ఓపిక పోయింది. "చేప సంగతి ఉండనీప్పా. మా పిల్ల నచ్చినాదా, లేదా?"

ఆయన అక్క వైపు చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా చుట్టి చూపించాడు.

"సున్నానా?" నాన్న లేచి నిలబడ్డాడు. "నా బిడ్డకి సున్నా పెడతాడా!"

"అయ్యో, కాదండీ! నీళ్లలో అంతా బాగుండాదంటే ఇట్లే చూపిస్తాము."

"ఇది నగర్తపేట. ఇక్కడ కొళాయిలో కూడా నీళ్లుండవు. నోరు తెరిచి చెప్పండి!" అన్నాను.

"నచ్చినాది. ఆ చేపను చూసినప్పుడు కూడా నా గుండె ఇంత కొట్టుకోలేదు."

ఆడపిల్లను చేపతో పోల్చిన మనిషిని ఊరికే వదలకూడదని నేను నోరు తెరిచేలోగా, అంతవరకూ తల ఎత్తని అక్క అడిగేసింది.

"దాన్ని చూడాలంటే ఎంత లోతుకు దిగాలండీ?"