చింతపిక్క మీద బంతి

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికి గోల్ఫు కర్ర ఒక్కటే ఉండేది. అది మా పక్కింటి మావయ్యది. ఆయన మాకు చుట్టమేమీ కాదు. అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు మావయ్య అయ్యాడు. దివిసీమలో మోపిదేవికి కాస్త దిగువన, కాలువ గట్టును ఆనుకుని మా రెండిళ్ళూ ఉండేవి. మావయ్య కుర్రతనంలోనే మద్రాసు పారిపోయి, అక్కడ గోల్ఫు ఆడే పెద్దమనుషుల సంచులు మోస్తూ ఇరవై ఏళ్ళు గడిపాడట. ఊపిరితిత్తులు చెడి ఇక మోయలేనని తేలాక ఒక రేకు పెట్టె, ఒక కర్ర, మూడు తెల్లని బంతులతో తిరిగొచ్చాడు. ఆ కర్ర బంతిని దూరంగా కొట్టడానికి కాదు. గుంట దగ్గరికి చేరిన బంతిని నేలమీద దొర్లించి లోపలికి పంపడానికి. దాన్ని పట్టర్ అంటారని ఆయన చెబితే, గేదెల్ని తోలుకోవడానికైనా పనికిరాదని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. ఆయనకి కోపం ఎక్కువ. ఆ తర్వాత వాళ్ళతో మాట్లాడటం మానేశాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న గుడివాడలో మా అల్లుడు హాల్లో ఆకుపచ్చ పట్టా పరిచి, అలాంటి కర్రే పట్టుకుని బంతిని దొర్లించడం సాధన చేస్తున్నాడు. ఫోన్లో ఎవరో పాఠం చెబుతున్నారు. భుజాలు ఎలా కదలాలి, కాళ్ళ మధ్య ఎంత ఎడం ఉండాలి, రోజుకెన్నిసార్లు కొట్టాలి, అన్నీ చెప్పాడు ఆ మనిషి. తప్పు పట్టడానికేమీ లేదు. కానీ మా మావయ్య చెప్పిన ఒక్కమాట మాత్రం అందులో లేదు. డెబ్బై దాటాక నాకు ఓపిక తక్కువ, అల్లుడితో వాదించలేక ఇది రాస్తున్నాను.

ఆ కర్ర నా చేతికి రావడానికి ముందు జరిగింది చెప్పాలి. మా వైపు ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. రెండు నెలలపాటు కాలువ అడుగున ఎండిన మట్టి తప్ప ఏమీ ఉండదు. మళ్ళీ నీళ్ళు వదిలిన రోజున, కొత్తనీరు మా రేవుకు చేరే వేళకి ఆడవాళ్ళంతా పసుపు కుంకుమలు పట్టుకుని మెట్లమీద నిలబడేవారు. కొత్తనీటిని దోసిలితో తీసుకుని నెత్తిన చల్లుకోవాలి. ఒంటిచేత్తో చల్లుకుంటే మంచిది కాదని మా ఇళ్ళల్లో పట్టింపు. ఆ ఏడు నాకు తొమ్మిదేళ్ళు, మా తమ్ముడికి నాలుగు. అమ్మ కడుపుతో ఉంది. మెట్లు దిగలేక పైనే నిలబడి, వాడి చెయ్యి నా చేతిలో పెట్టి, వదలొద్దని రెండుసార్లు చెప్పింది. నీళ్ళు చెత్తాచెదారం తోసుకుంటూ ఎర్రగా వచ్చాయి. అందరూ దోసిళ్ళు పట్టారు. నేనూ పట్టాను. దోసిలికి రెండు చేతులు కావాలి.

నెత్తిన నీళ్ళు చల్లుకుని కళ్ళు తెరిచేసరికి వాడు నిలబడ్డ మెట్టు ఖాళీగా ఉంది. అవతలి గట్టుమీద కూర్చుని బీడీ కాలుస్తున్న మావయ్య అప్పటికే నీళ్ళలోకి దూకాడు. అంత దగ్గుతో ఎంత దూరం ఈదగలడు. తమ్ముడు మర్నాడు పొద్దున కింద లాకుల దగ్గర దొరికాడు.

ఎలా జరిగిందని అందరూ అడిగారు. వాడే చెయ్యి విదిలించుకున్నాడని చెప్పాను. వాడు దుడుకువాడు కాబట్టి అందరూ నమ్మేశారు. పలకరించడానికి వచ్చినవాళ్ళు కూడా, పిల్లాడు మాట వినేరకం కాదు పాపం, అనేవారు. చచ్చిపోయిన తమ్ముడి మీద నింద వేసి నేను బయటపడ్డాను. 

కొన్నాళ్ళకి నా కుడిచెయ్యి వణకడం మొదలైంది. గ్లాసు పట్టుకుంటే జారేది. పలక పగిలింది. ఏదో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. చలికాలంలో చెల్లెలు పుట్టింది. అమ్మ దాన్ని నా ఒళ్ళో ఒక్కసారీ పెట్టలేదు. ఉయ్యాల ఊపమనేది, ఎత్తుకోమనేది కాదు. నా చెయ్యి చూసి భయపడుతోందని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. అమ్మకి నిజం తెలిసిపోయిందని నేను అనుకున్నాను. చెల్లెల్ని ఎత్తుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది. ఎత్తుకుంటే ఏమవుతుందోనని అంతే భయంగా కూడా ఉండేది.

ఎండలు ముదిరి కాలువ కట్టేసిన రోజుల్లో, వీధిలో నా చేతిలోంచి నీళ్ళ బిందె జారిపడింది. మావయ్య తన అరుగుమీదనుంచి చూసి రమ్మన్నాడు. ఏమీ అడగలేదు. ఆ కర్ర తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. బిగిస్తే వణుకుతుంది, వదిలేస్తే తిరిగిపోతుంది, ఆ రెండిటికీ మధ్యన పట్టుకో అన్నాడు.

ఆయన సాధన చేయించే తీరు చాదస్తంగా ఉండేది. వాకిట్లో గొయ్యి తీసి, ఇత్తడి గ్లాసు అంచు నేలకు సమంగా వచ్చేట్టు పాతాడు. మొదట గ్లాసుకి మూరెడు దూరంనుంచే. వరసగా పదిసార్లు పడాలి. తొమ్మిది పడి పదోది తప్పితే మళ్ళీ ఒకటినుంచి. అది కుదిరాక రెండు మూరలు, ఆ తర్వాత మూడు. గ్లాసు చుట్టూ నాలుగు దిక్కులా గీతలు గీసి, ఒక్కో గీత మీదనుంచీ కొట్టించేవాడు. చూడటానికి చదునుగా ఉన్న వాకిలైనా నాలుగు వైపులా ఒకే వాలు ఉండదనేవాడు. కర్ర పట్టేంత సందు వదిలి రెండు మేకులు దిగ్గొట్టి, వాటికి తగలకుండా ఆడించమనేవాడు. తగిలితే మేకు టంగుమనేది. ఆయన తిట్టేవాడు కాదు, దగ్గేవాడు.

అన్నీ వచ్చాయి కానీ ఒక్కటి రాలేదు. కర్ర బంతికి తగలకముందే నా తల పైకి లేచిపోయేది. బంతి పడుతుందో లేదో చూడాలని ఆత్రం. తల లేస్తే భుజం తిరుగుతుంది, బంతి పక్కకి పోతుంది. ఎన్నిసార్లు చెప్పినా అదే తప్పు. చివరికి ఆయన అష్టాచెమ్మా ఆడుకునే చింతపిక్క ఒకటి తెచ్చాడు. ఒక పక్క బండమీద అరగదీసి తెల్లగా చేసింది. ఏ పక్క పైకి ఉందో నాకు కనపడకుండా దాన్ని మట్టిలో అదిమి, పైన బంతి పెట్టేవాడు. బంతి వెళ్ళిపోయాక కింద ఉన్నది నలుపో తెలుపో చెప్పాలి. గ్లాసు మోగాకే తల ఎత్తాలి. ఆ చింతపిక్కతో నా తల నిలబడింది. వారం తిరిగేసరికి పదికి తొమ్మిది మోగేవి. కర్ర పట్టుకున్నంతసేపూ చెయ్యి వణికేది కాదు. కర్ర కింద పెట్టగానే మళ్ళీ మామూలే.

రేపో మాపో నీళ్ళు వదులుతారని ఊళ్ళో చాటింపు వేసిన రోజున, మావయ్య గ్లాసూ బంతీ తీసుకుని నన్ను కాలువలోకి దింపాడు. సరిగ్గా మా రేవు మెట్ల కిందికే. నేను చివరి మెట్టు మీదే ఆగిపోయాను. ఇక్కడ నేల బాగుంటుంది అన్నాడంతే. గ్లాసు పాతి, మూడు మూరలు కొలిచి, చింతపిక్క అదిమి బంతి పెట్టాడు. నేను తల దించాను. కొట్టాను.

గ్లాసు మోగలేదు. నలుపా తెలుపా అని అడిగాడు. నలుపు అన్నాను. మోగలేదేం మావయ్యా అని తల ఎత్తబోయాను.

"ఎత్తకు. మోగకపోతే మోగదు. కర్ర తగిలేదాకే నీ చేతిలో పని. ఆ తర్వాత నువ్వు చూసినా అది పోయేచోటికే పోతుంది, చూడకపోయినా పోయేచోటికే పోతుంది."

నేను చింతపిక్కనే చూస్తూ నిలబడ్డాను. చాలాసేపు ఆయన దగ్గు తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"వాడు విదిలించుకోలేదు అమ్మడూ, నువ్వే వదిలావు. నేను ఆ గట్టుమీదే ఉన్నాను, చూశాను. అందాకా గట్టిగా పట్టుకునే ఉన్నావు, అదీ చూశాను. నేను దూకాను, అందలేదు. జరిగింది ఇది."

ఏడాదిగా అందరూ నాకు అబద్ధమే తిరిగి చెబుతున్నారు. నీ తప్పేముందే, వాడి ఆయుష్షు అంతే, అని తల నిమిరేవారు. అలా నిమిరిన ప్రతిసారీ నాకు చచ్చిపోవాలనిపించేది. మావయ్య తల నిమరలేదు. నేను ఏడ్చినంతసేపూ ఏడవనిచ్చాడు. అమ్మకి చెబితే కొడుతుందా అని అడిగాను. కొడుతుందేమో, జన్మలో మాట్లాడదేమో, నాకేం తెలుసు అన్నాడు. నేను తల దించాక, కొట్టేలోపే ఆయన గ్లాసుని తీసేశాడని తల ఎత్తాక చూశాను. బంతి గ్లాసు లేని గుంటలో, మెత్తటి మట్టిలో పడి ఉంది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ వసారాలో బియ్యం చెరుగుతోంది. ఎదురుగా నిలబడి తల దించుకున్నాను. వాడు విదిలించుకోలేదమ్మా, దోసిలి పట్టడానికి నేనే వదిలాను అన్నాను. చేట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు, ఒక్కమాట అడగలేదు. నాలుగు రోజులు నా మొహం చూడలేదు. ఆ మధ్యలో కొత్తనీరు వచ్చింది. అమ్మ రేవుకి వెళ్ళలేదు. ఆ ఏడే కాదు, మరెప్పుడూ వెళ్ళలేదు. అయిదో రోజు పొద్దున వంటింట్లోంచి వచ్చి, చెల్లెల్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టి, బిందె తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. నా చెయ్యి వణికింది. అయినా చెల్లెలు జారలేదు.

ఆ వానాకాలం దాటకుండానే మావయ్య పోయాడు. తమ్ముడి కోసం కాలువలో దూకిన రోజునుంచే జబ్బు ముదిరిందని చెప్పుకున్నారు. అది కూడా నేను మోసుకోవలసిందే, మోస్తున్నాను. కర్ర ఎవరు పట్టుకుపోయారో తెలియదు. చింతపిక్క మాత్రం నా దగ్గరే ఉంది.

అమ్మ నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. తమ్ముడి పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నలభై ఏళ్ళ తర్వాత, బందరులో చెల్లెలి ఇంట్లో అమ్మ మంచాన పడి ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం నేను మందు పట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. నువ్వు వదిలినప్పుడు వాడు నిన్ను పిలిచాడా అని అడిగింది.

నేను తల దించుకునే చెప్పాను. పిలవలేదమ్మా, కొట్టుకొస్తున్న కొబ్బరిచిప్పని చూసి నవ్వుతున్నాడు అన్నాను.  నవ్వుతున్నాడా అని అమ్మ ఒకసారి తనలో తాను అనుకుంది. తర్వాత నోరు తెరిచి మందు తాగింది.

ఇప్పుడు నా చేతులు మళ్ళీ వణుకుతున్నాయి, ఈసారి వయసుతో. ఎవరితోనైనా చెప్పక తప్పని మాట ఉన్నప్పుడు మందుల డబ్బాలోంచి ఆ చింతపిక్క తీసి గుప్పిట్లో పెట్టుకుంటాను. చెప్పేసి తల దించుకుని నిలబడతాను. ఆ తర్వాత ఏమీ వినపడకపోయినా ఎత్తను.