రాళ్లకు అన్నం పెట్టిన అయ్యవారు

మా సైన్సు అయ్యవారు పోయారని ఉదయగిరి నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. మూడు రోజుల జ్వరమట. ఆత్మకూరులో ఒకప్పుడు ఆయన పనిచేసిన మా బడిలో సంతాపసభ పెట్టారు. హెడ్మాస్టరు లేచి, ఆయన శుభ్రతకు మారుపేరన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆయన్ని ఈ ఊరి నుంచి తరిమింది ఆ శుభ్రతే. మాట్లాడకుండా లేచి వచ్చేశాను. నేను ఆ బడిలో తెలుగు చెప్పేవాణ్ణి. అక్కడ చెప్పాల్సింది ఇక్కడ చెబుతున్నాను.

ఇనుప చట్రానికి నాలుగు అద్దాలు బిగించి ఆయన ఒక చేపలతొట్టి చేయించారు. మద్రాసు నుంచి ఆరు ఎర్రచేపల్ని కూజాలో పెట్టుకుని, రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. తొట్టి పైన ఒక చిల్లికుండ, అందులో బొగ్గులు, గులకరాళ్లు. పీరియడు పీరియడుకీ మధ్య వచ్చి తొట్టిలో నీళ్లు చెంబుతో ముంచి కుండలో పోసేవారు. అవి రాళ్ల మీదుగా జారి, తేటపడి, మళ్లీ తొట్టిలోకి కారేవి. చేతికి సుద్ద అంటినా సరే, ముందు చేయి కడుక్కుని గాని చెంబు ముట్టేవారు కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ఆ చేపల ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు లేచాయి. ఊరంతా చేపలకు అమ్మవారు పోసిందన్నారు. ఆడవాళ్లు వేపమండలు పంపించారు. ఆయన నవ్వి వాటిని గుమ్మానికి కట్టి, తొట్టిలో నీలంమందు కలిపారు. కలిపే ముందు కుండ దించి బొగ్గులన్నీ పారబోశారు.

“బొగ్గు ఉంటే మందంతా అదే తాగేస్తాది అయ్యవారూ. చేపకు ఏం మిగల్దు” అన్నారు నాతో.

గులకరాళ్లను మాత్రం మందు కలపని పాత నీళ్లు పోసి ఒక బేసిన్లో పక్కన పెట్టారు. రోజూ చెంబుతో ఆ నీళ్లే ముంచి వాటి మీద పోసేవారు. రెండు మెతుకులు కూడా వేసేవారు.

“ఏంది, రాళ్లకు అన్నమా?” అన్నాను.

“ఆ రాళ్లకు పట్టిన జిగురు ఉండాదే, చేపలు నీళ్లలో వదిలే విషాన్ని తినేది అదే. మందు తగిలితే చస్తాది. దానికీ ఆకలుంటాది. రాళ్లు మురికిగా లేవు, బతికి ఉండాయి.”

విన్నాను. తలూపాను. ఏం లాభం?

తొమ్మిదో నాటికి చుక్కలు రాలిపోయాయి. మందునీళ్లు మార్చి ఆయన ఏదో పని మీద కలిగిరి వెళ్లారు. మూడు రోజుల్లో ఇన్‌స్పెక్టరు వస్తాడని బడంతా తిరిగి చూస్తున్న హెడ్మాస్టరు, ఆ రాళ్ల బేసిన్ చూసి ముక్కు మూసుకున్నాడు. “ఈ గలీజు ఏందయ్యా? అది పోకపోతే తొట్టే తీయించేస్తా” అన్నాడు. స్నేహితుడికి మాట రాకూడదనుకున్నాను. మా ఇళ్లల్లో అమ్మవారు దిగిపోయాక తలకు పోసేటట్టే, వేపాకు, పసుపు వేసి నీళ్లు మరగబెట్టాను. ఆ సలసల కాగే నీళ్లలో రాళ్లను వేసి, పీచుతో తళతళలాడేదాకా తోమాను. కొత్త బొగ్గులతో పాటు ఆ రాళ్లు వేసి కుండ ఎక్కించి, ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

మూడో రోజు చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఊపిరికి కొట్టుకున్నాయి. అప్పుడే ఊరి నుంచి వచ్చిన ఆయన కుండలో చేయి పెట్టి, ఒక రాయి తీసి వేళ్లతో రుద్ది చూసుకున్నారు. జిగురు లేదు. నా వైపు ఒక్కసారి చూశారు. నీళ్లు మార్చేలోపే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆరు చేపలూ వెల్లకిలా తేలాయి.

“ఎవరి నిర్వాకం ఇది?”

“నాదే సార్” అన్నారాయన.

నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. నెల తిరక్కుండా ఆయన్ని ఉదయగిరికి బదిలీ చేశారు. హెడ్మాస్టరు మీద ఇన్నేళ్లు పళ్లు నూరాను గాని, నా నోరేమైంది? ఆయన మీదా కోపమే. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఏం పోయేది? బస్సెక్కుతూ కూడా, “పిల్లలకు ఛందస్సు మెల్లగా చెప్పండి అయ్యవారూ, మీకు తొందర జాస్తి” అన్నారంతే.

సభ నుంచి లేచి వచ్చిన మర్నాడు ఉదయగిరి వెళ్లాను. ఆయనకు గది అద్దెకిచ్చింది ఒక ముసలవ్వ. తలుపు తీసింది. తొట్టి లేదు, చేప లేదు. కిటికీ కింద ఆ బేసినే ఉంది. అందులో నేను తోమిన రాళ్లే, గోధుమరంగు జిగురు మళ్లీ పట్టి ఉన్నాయి.

“చేపలు తెస్తా తెస్తా అనేవాడు నాయనా. రోజూ వాటికి నీళ్లు పోసి, ఇంత అన్నం వేసేవాడు. గలీజుగా ఉండాయి, కడిగి బయట పోసేదా?”

“ముట్టుకోవద్దు!” అని అరిచాను. అవ్వ బెదిరిపోయింది. ఐదేళ్ల కిందట ఆ బడిలో అరవాల్సిన అరుపు ఆ ముసలామె మీద పడింది.

కింద కూర్చున్నాను. చెంబుతో నీళ్లు ముంచి ఆ రాళ్ల మీద పోశాను. అవ్వ లోపలికి వెళ్లి, అరచేతిలో నాలుగు మెతుకులు పెట్టుకుని వచ్చింది.