ఆల్బీ పాడిన వెనకపక్క పాట

ఒనా యుర్కానిస్ పని గురించి చెబితే కొత్తవాళ్ళెవరూ ఓ పట్టాన నమ్మేవారు కాదు. రికార్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆవిడ ఉద్యోగం రికార్డులు పాడుచేయడం. కొట్లలో అమ్ముడుపోనివన్నీ అట్టపెట్టెల్లో తిరిగొచ్చేవి. ఒక్కోదాన్నీ కోత మిషను కింద పెట్టి, కాలితో తొక్కి, నడిమధ్య కాగితం బిళ్ళని ఊడగొట్టి, మిగిలిన నల్ల చక్రాన్ని మర నోట్లో పడేసేది. మర దాన్ని నమిలి రవ్వ చేసేది. ఆ రవ్వే అచ్చు మిషన్లకి వెళ్ళి కరిగి, కొత్త రికార్డయి బయటికొచ్చేది.

"కొత్త పాట కొనుక్కున్నామని జనం మురిసిపోతారు గానీ, పోయినేడు తుస్సుమన్నవన్నీ అందులోనే ఉంటాయి" అని పక్క మిషను మీద పనిచేసే ఫ్రాన్సెస్ నవ్వేది.

"ఉంటే ఉండనీవే. వాటికీ ఓ దారి దొరికింది" అనేది ఒనా.

ముక్కుసూటి మనిషి. ఫ్యాక్టరీలోంచి గుండుసూది కూడా ఇంటికి తెచ్చుకునేది కాదు. మొగుడు గనిలో బొగ్గుధూళి పీల్చి పీల్చి, చివరికి ఊపిరాడక పోయాడు. అప్పట్నుంచీ ఆవిడకి మిగిలింది ఒక్కగానొక్క కొడుకు ఆల్బీ. పెన్సిల్వేనియాలోని మా బొగ్గులోయలో కుర్రాళ్ళందరూ గిటార్లు పట్టుకుని తిరిగే రోజులవి. ఆల్బీ మాత్రం డ్రమ్ములు పట్టుకున్నాడు. నోట్లో నాలుక లేని పిల్లాడు; డ్రమ్ముల వెనక కూర్చుంటే ఎవరికీ కనబడక్కర్లేదని కాబోలు.

వాళ్ళ బృందం పేరు కోల్ వ్యాగన్స్. పాడేవాడు డెన్నీ. అందగాడు, మాటకారి. ఒక కంపెనీ వాళ్ళని పిలిచి చిన్న రికార్డు చేయిస్తానంది. చిన్న రికార్డంటే ముందుపక్క ఒక పాట, వెనకపక్క ఒక పాట. కంపెనీ ఆశలన్నీ ముందుపక్క మీదే. వెనకపక్క ఖాళీగా వదల్లేరు గనక ఏదో ఒకటి పాడించి నింపుతారు. ముందుపక్కకి డెన్నీ కేకలు పెట్టి పాడాడు. వెనకపక్కకి ఆల్బీ ఒక పాట చెప్పాడు. 'గడప మీద దీపం' అని, అంతకు కొన్నేళ్ళ ముందు జార్జియాలో ఎవరో ఒకావిడ పాడితే ఎవరూ పట్టించుకోని పాట. వీడు దాన్ని రేడియోలో విని నేర్చుకున్నాడు.

"ఆ ఏడుపు పాట నేను పాడను. కావాలంటే నువ్వే పాడుకోరా" అన్నాడు డెన్నీ, సిగరెట్టు వెలిగించుకుంటూ.

ఆల్బీ డ్రమ్ముల వెనక నుంచి లేవకుండానే పాడాడు. అంతే. అచ్చయిన రికార్డు ఇంటికి తెచ్చి, తల్లి బంగాళాదుంపలు తురుముతుంటే వంటింట్లో పెట్టి వినిపించాడు. సన్నటి గొంతు, ఎవర్నో నిద్ర లేపకూడదన్నట్టు పాడుతోంది. చివరి చరణం ముందు వాడు ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా వినబడింది. ఒనా తురమడం ఆపేసింది.

"నీకింత గొంతుందని నాకెప్పుడూ చెప్పలేదేంరా?"

"నువ్వడగలేదుగా అమ్మా."

"అడగాలట. అడిగితేగానీ తిండి కూడా తినవు నువ్వు" అంటూ తురుము అంటిన చేతుల్తోనే కళ్ళు తుడుచుకుంది. ఆ తరవాత రోజూ ఆ పాట పెట్టుకునేది. ఆ ఊపిరి చప్పుడు కోసం ఎదురుచూసేది. ఊపిరాడక పోయిన మొగుణ్ణి చూసిన మనిషి కదా, కొడుకు నిండుగా గాలి పీల్చుకోవడం వింటే ప్రాణం కుదుటపడేది.

ముందుపక్క పాటని కుక్క కూడా వినలేదు. ఈలోగా ఆల్బీకి సైన్యం నుంచి పిలుపొచ్చింది, వియత్నాం వెళ్ళాడు. అక్కడినుంచి రాస్తూ, పాడింది నేనేనంటే ఇక్కడెవరూ నమ్మట్లేదమ్మా, నీ దగ్గరున్న రికార్డు పంపించు అన్నాడు. మరో ఆలోచన చెయ్యలేదావిడ. కొట్లో ఇంకోటి దొరక్కపోతుందా అనుకుని, తువ్వాళ్ళలో చుట్టి పంపేసింది.

ఆ చలికాలంలోనే పిట్స్‌బర్గ్ రేడియోలో ఒకాయన ఏం తోచిందో ఏమో, రికార్డు తిరగేసి వెనకపక్క వేశాడు. జనం మళ్ళీ వెయ్యమన్నారు. మళ్ళీ వేశాడు. పాట అంటుకుంది. అది అంటుకుంటున్న వారంలోనే ఆల్బీ పోయాడని కబురొచ్చింది. వాడి సామాన్లలో గడియారం వచ్చింది, జపమాల వచ్చింది. రికార్డు రాలేదు.

చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పాట మోగకూడదు. లిథువేనియా నుంచి వచ్చి ఈ లోయలో స్థిరపడ్డ మా ఇళ్ళల్లో ఇది అందరికీ తెలుసు. ఒనా రేడియో తీగ పీకేసి, పాటల పెట్టె మీద నల్లగుడ్డ కప్పింది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది: ఆ ఇంటివాళ్ళ ముందు ఎవరూ పాట ఊసెత్తరు. మర్యాద. ఆ మర్యాదే ఆవిడ కొంప ముంచింది.

పాటకి గిరాకీ ఉందని కంపెనీకి అర్థమైంది. దాన్నే ముందుపక్కన పెట్టి మళ్ళీ విడుదల చేద్దామనుకున్నారు. కానీ చచ్చిపోయినవాణ్ణి టీవీలో నిలబెట్టి పాడించలేరు కదా. అందుకని, ఏడుపు పాట పాడనన్న డెన్నీచేతే మళ్ళీ పాడించారు. వెనక వయొలిన్లు పెట్టారు. డ్రమ్ములకి ఇంకెవర్నో తెచ్చారు. అదే పేరు, అదే బృందం, అదే ఎర్ర బిళ్ళ. కొట్లలో ఉన్న పాతవన్నీ వెనక్కి రప్పించారు. అది చాలక, ఇంట్లో ఉన్న పాతది తెచ్చిస్తే కొత్తది ఉచితంగా ఇస్తామన్నారు. ఉచితమంటే ఎవరు కాదంటారు? లోయలో కుర్రకారంతా బారులు తీరి మార్చుకున్నారు. సిగ్గూ శరం లేని కంపెనీ సరే, మన పిల్లల బుద్ధి ఏం గడ్డి తిందో.

ఆ పాతవన్నీ పెట్టెలకి పెట్టెలు ఒనా ముందుకే వచ్చాయి.

మొదటి పెట్టె విప్పి బిళ్ళ మీద పేరు చూడగానే ఆవిడ చేతులు ఆగిపోయాయి. ఫ్రాన్సెస్ తన మిషను ఆపేసి దగ్గరికొచ్చింది.

"ఒనా, ఒకటి ఏప్రన్ కింద పెట్టుకోవే. ఎవడు చూస్తాడు?"

"ఎందుకు? ఇదే పాట మళ్ళీ వేస్తున్నారటగా, ముందుపక్కన. అచ్చు మిషన్ల దగ్గర బిళ్ళలు కుప్పలు పోసి ఉన్నాయి, చూశాను. మా వాడి పాట వెనకపక్క నుంచి ముందుకొచ్చిందే."

"అయినా పాతది పాతదే కదా. పెట్టుకో."

"దొంగతనం చేసి తెచ్చిన కొడుకు పాట నాకొద్దు. ఏడాది నిండాక కొట్లో కొనుక్కుంటాను, దర్జాగా."

ఫ్రాన్సెస్‌కి తెలుసు, కొత్తదాంట్లో ఉన్నది డెన్నీ గొంతని. రోజూ రేడియోలో వింటూనే ఉంది. ఒనాకీ తెలిసే ఉంటుంది, తెలిసే గుండె రాయి చేసుకుందనుకుంది. దుఃఖంలో ఉన్న మనిషి ముందు పాట ఊసు ఎత్తలేక, నోరు మూసుకుని వెళ్ళి మిషను దగ్గర కూర్చుంది.

ఒనా పని మొదలుపెట్టింది. ఎన్నడూ లేనంత హుషారుగా చేసింది. పాతవి ఎంత తొందరగా రవ్వయితే కొత్తవి అంత తొందరగా అచ్చవుతాయని ఆవిడ లెక్క. తొక్కడం, బిళ్ళ ఊడగొట్టడం, మరలో వెయ్యడం. సాయంత్రాలు మేస్త్రీ వెళ్ళమన్నా, ఈ పెట్టె కూడా కానిచ్చి వెళ్తాననేది. ఆఖరి పెట్టె అయిపోయిన రోజు చేతులు కడుక్కుని, ఫ్రాన్సెస్‌కి చాక్లెట్టు కూడా ఇచ్చింది.

ఏడాది నిండింది. పొద్దున చర్చిలో వాడి పేర పూజ చేయించి, మధ్యాహ్నం అందర్నీ ఇంటికి పిలిచింది. బంగాళాదుంపల తురుముతో కుగెలిస్ కాల్చింది, నల్లరొట్టె కోసింది. డెన్నీ కూడా వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. భోజనాలయ్యాక ఒనా నల్లగుడ్డ తీసి మడతపెట్టి, కొట్లోంచి తెచ్చుకున్న కొత్త రికార్డు పెట్టె మీద పెట్టింది. వద్దని ఎవరైనా అనాల్సింది. ఆవిడ చెయ్యి పట్టుకోవాల్సింది.

వయొలిన్లు మొదలయ్యాయి. ఒనా నవ్వుతూ తలూపింది. తరవాత గొంతు వచ్చింది.

ఆవిడ మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది. మెల్లిగా డెన్నీ వైపు తిరిగింది.

"ఇది నువ్వు కదూ?"

"నేనే ఆంటీ. మీకు తెలుసనుకున్నాను."

"డ్రమ్ములన్నా వాడివేనా?"

డెన్నీ తల అడ్డంగా ఊపాడు.

"పాతది నీ దగ్గరుందా నాయనా?"

"లేదాంటీ. మార్చేసుకున్నాను" అని మొహం చేతుల్లో దాచుకున్నాడు.

ఒనా ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వచ్చింది. అందరూ కళ్ళు దించుకున్నారు. మార్చుకున్నవాళ్ళే అందరూ. ఫ్రాన్సెస్ ఇక తట్టుకోలేక లేచి, పాట ఆపెయ్యబోయింది.

"ఆపకు" అంది ఒనా. "వాడు ఇందులోనే ఉన్నాడే. నేనే వేశాను. నా చేతుల్తో నేనే మరలో వేశాను."

చివరి చరణం వస్తుండగా పెట్టె మీదికి వంగి చెవి ఆనించింది. ఆ ఊపిరి చప్పుడు ఉండాల్సిన చోట వయొలిన్లు వచ్చి వెళ్ళిపోయాయి. పాట అయిపోయాక కూడా అలాగే వంగి ఉంది.

సోమవారం మేస్త్రీ జాలిపడి, వేరే గదిలో తేలికపని ఇస్తానన్నాడు. ఒనా ఒప్పుకోలేదు. ఎక్కడో ఏ మారుమూల కొట్లోనో ఒక పాతది మిగిలిపోయి ఉంటే, అది వచ్చేది ఈ గదికే కదా అంది. ఫ్యాక్టరీ మూసేసేదాకా ఆ మిషను వదల్లేదు. ప్రతి రికార్డునీ వెలుగుకి పట్టి, బిళ్ళ మీద పేరు చదివిగానీ కోత కింద పెట్టేది కాదు. ఎర్ర బిళ్ళ కనబడితే చాలు, ఫ్రాన్సెస్ కూడా మిషను ఆపి చూసేది. ఒకటి దొరికితే మాత్రం ఏప్రన్ కింద దాచుకుంటానని ఒనా ముందే చెప్పింది. దొరకలేదు.