నేను కడిగేసిన కందిపప్పు

నాకు ముక్కు మీద కోపం. కువైట్‌లోని రుమైథియాలో ఒకే ఇంట్లో పన్నెండేళ్లుగా వంటమనిషిగా నిలదొక్కుకున్నానంటే, ఆ కోపాన్ని మామా ముందు మింగడం నేర్చుకున్నాను కాబట్టే. మామా అంటే మా యజమానురాలు. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లందరం ఇంటావిడను అలాగే పిలుస్తాం. మింగిన కోపం ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, అది ఫోన్లో మా చెల్లెలి మీదికి పోతుంది. ఆమెకు అన్నమయ్య జిల్లాలో రెండెకరాల చేను ఉంది. నేనిక్కడ పొయ్యి ముందు నిలబడి, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, ఆ చేను కూడా నేనే చేస్తుంటాను.

పప్పు వ్యవహారం మొదలైంది కూడా అలా వేలు పెట్టడంతోనే. నా చేతి పప్పుకు అలవాటుపడ్డ మామా ఒకరోజు సూపర్ మార్కెట్ నుంచి కందిపప్పు పొట్లం తెచ్చింది. అరచేతిలో పట్టేంత పొట్లం, దాని మీద పచ్చటి ఆకు బొమ్మ. "ఇది ఆర్గానిక్. మందులు లేవు, ఎరువులు లేవు. జాగ్రత్తగా వాడు" అని బంగారం అప్పజెప్పినట్టు అప్పజెప్పింది. నాకు నవ్వొచ్చింది. మా అవ్వ బతికినన్నాళ్లూ పండించింది అదే. ఆమె పప్పుకు ఎవరూ ఆకు బొమ్మ వేయలేదు. ఆ సాయంత్రమే చెల్లెలికి ఫోన్ చేశాను.

"ఈసారి కందికి మందులంగడి గడప తొక్కొద్దు. ఎరువు బస్తా చేనికి చేరగూడదు. చెప్పినా, అంతే."

"నీకేమక్కా, ఏసీ కింద నిలబడుకోని చెప్తావు. పురుగు పడితే నువ్వొచ్చి ఏరుతావా?" అంది.

ఏరడానికి రాలేదు కానీ రోజూ సతాయించాను. అదృష్టం కొద్దీ వాళ్ల ఊళ్లో సేంద్రియ సాగు నేర్పే ఒకావిడ తిరుగుతూ ఉండేది. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి డ్రమ్ములో కలిపి పులియబెట్టి చేనుకు పోయడం, వేపగింజలు నానబెట్టి ఆ నీళ్లు చల్లడం ఆమె నేర్పింది. చెల్లెలితో పాటు మరో అయిదుగురు ఆడవాళ్లు దిగారు. ఎకరా, ఎకరన్నర ఉన్న వాళ్లే అందరూ. మా మరిది మాత్రం మొదటి నుంచీ మొహం ముడుచుకునే ఉన్నాడు. చివరికి ఫోన్ తీసుకుని నాతోనే అన్నాడు: "వదినా, నీ మాట మీద ఒక్క పంట ఇడుస్తా. పప్పు మంచి ధరకు పోకపోతే, వచ్చే తొలకరికి నేను బండేసుకోని పోయి ఎరువు తెస్తా. మల్లా మీ అక్కాచెల్లెండ్లు నోరెత్తగూడదు."

ఆయన్ను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. మొదటి ఏడు దిగుబడి తగ్గింది. ఆ పప్పును మామూలు పప్పుతో కలిపి అమ్మితే ఆరుగురూ దెబ్బతింటారు. ఇక ఆ చేలల్లోకి సేంద్రియం మాట ఎవరూ రానివ్వరు. నా చెల్లెలు ఊళ్లో తలెత్తుకోవాలంటే ఆ పప్పు పప్పుగా, దాని పేరుతో, అమ్ముడుపోవాలి.

అప్పుడు అల్ రాయ్‌లోని గోడౌన్‌లో పనిచేసే, నేను తమ్ముడూ అని పిలిచే అబ్బాయి గుర్తొచ్చాడు. కోనసీమ మనిషి. కార్ల షోరూముల వెనక సందులో మనదేశపు సరుకులమ్మే పెద్ద గోడౌన్‌లో లెక్కలు చూస్తాడు, ముందు వైపు కౌంటర్ కూడా ఆయనదే. మా ఇంటికి బియ్యం అక్కడి నుంచే వస్తాయి. వాళ్ల ముదీర్, అంటే మేనేజర్, ఒక పెద్దాయన. ఆయన్ని ఒప్పించి అయిదు బస్తాలు తెప్పించాడు. కాగితాలూ రవాణా అంతా వాళ్లే చూసుకున్నారు. ముదీర్ షరతు ఒక్కటే. ఎండలు ముదిరేలోగా ఈ అయిదూ అమ్ముడైతే ఏటా ఆరుగురి పంటా తీసుకుంటాడు. లేకపోతే ఖలాస్.

బస్తాలు దిగాయి. మొదటిది విప్పి కిలో పొట్లాలు కట్టారు. వారం తిరక్కుండానే తమ్ముడి ఫోన్.

"అక్కగారూ, ఏటండీ ఇది? పప్పు నిండా మట్టండి! మా కోనసీమోళ్లు మహబూలా ఫ్లాట్లకి పట్టుకెళ్లి మళ్లీ తెచ్చిచ్చేత్తన్నారు. మావోళ్లకి పప్పంటే నిగనిగలాడిపోవాలండి. ముదీర్ గారు చూశారంటే నా పనయిపోద్ది."

నాకు తల తీసేసినట్టయింది. మా వైపు కందుల్ని నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి, కుప్పపోసి, ఎండబెట్టి, ఆ తర్వాత విసుర్రాయిలో పగలగొడతారు. పప్పుకు సన్నటి ఎర్రటి పొడి అంటుకునే ఉంటుంది. వండేముందు మూడు నీళ్లు కడిగితే పోతుంది. ఇది నాకు తెలియదా? చిన్నప్పుడు ఆ మట్టి తొక్కింది నేనే. కానీ పన్నెండేళ్లు మామా వంటింట్లో అన్నీ అద్దంలా మెరవాలి, అన్నిటికీ మూత ఉండాలి, మూత మీద పేరు ఉండాలి. ఆ ఇంట్లో బతికి బతికి, మట్టి అనే మాట వినగానే నాకు సిగ్గేసింది. మా చెల్లెలి మురికి గుడ్డలు ఎవరో చూసినట్టు సిగ్గేసింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ శుక్రవారం నాకు సెలవు. తిరిగొచ్చిన పొట్లాలు, మొదటి బస్తాలో మిగిలిన పప్పు, రెండో బస్తా టాక్సీలో వేయించుకుని మహబూలా వెళ్లాను. అక్కడ మా ఊరి వదిన ఒకామె నలుగురితో కలిసి ఫ్లాట్‌లో ఉంటుంది. అందరూ డ్యూటీలకు పోయారు. సెలవు రోజుల్లో నేను చేరేది అక్కడికే కాబట్టి నా దగ్గర తాళంచెవి ఉంది. బిల్డింగ్ చూసుకునే హారిస్‌ను బతిమాలి మేడ మీదికి వెళ్లి, టబ్బుల్లో పోసి, రెండు బస్తాల పప్పూ కడిగి పారేశాను. ఎర్రటి నీళ్లు తూములోకి పోతుంటే ఏదో ఘనకార్యం చేసినట్టు మురిసిపోయాను. దుప్పట్లు పరిచి ఆరబోశాను. మధ్యాహ్నానికి ఎడారి గాలి లేచింది. ఆకాశం పసుపుగా మారి, కువైట్ దుమ్మంతా వచ్చి నా పప్పు మీద కూర్చుంది. మా ఊరి మట్టి వదిలించి ఈ ఊరి మట్టి పట్టించానన్నమాట. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. జల్లెడ పట్టి, దులిపి, మళ్లీ ఆరబెట్టి, కొత్త కవర్లలో నింపి ఆదివారం పొద్దున మా ఇంటి డ్రైవర్ చేత గోడౌన్‌కు పంపించాను.

పప్పు పసుప్పచ్చగా, ముద్దుగా ఉంది. "ఇప్పుడు చూడండి అక్కగారూ, పెళ్లికూతురిలా ఉందండి!" అన్నాడు తమ్ముడు. కాసిని పొట్లాలు అమ్ముడయ్యాయి కూడా. చెల్లెలు "పప్పు ఎట్ల పోతాండాదక్కా?" అని వాయిస్ పెడితే, "బ్రహ్మాండంగా పోతాండాది" అని చెప్పాను. కడిగిన సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, తిడుతుందని నాకు లోలోపల తెలుసు.

మూడు వారాలయ్యేసరికి పొట్లాల్లో పురుగు పట్టింది. తడిసిన పప్పు సరిగ్గా ఆరలేదు, పైగా దాన్ని కాపాడే మట్టిని నేనే చేతులారా కడిగేశాను. ఈసారి తమ్ముడి గొంతులో హాస్యం లేదు. "ముదీర్ గారు చూసేశారండి. మొత్తం పారేయమంటున్నారు. శుక్రవారం మిమ్మల్ని రమ్మన్నారు" అన్నాడు.

చెల్లెలికి అప్పుడు చెప్పక తప్పలేదు.

"యాడన్నా పప్పు కడిగి దాపెడతారా అక్కా?" అంది. "వండేటప్పుడు గదా కడిగేది! పురుగు పట్టగూడదనే గదా మట్టి పట్టిచ్చేది. అవ్వ చేసిందంతా మర్చిపోతివా?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "ఆయన రోజూ మబ్బు దిక్కు చూస్తాండాడు" అని మాత్రం అని పెట్టేసింది. ఆ వారంలోనే మామా చారులో ఉప్పు రెండుసార్లు వేశాను.

శుక్రవారం అల్ రాయ్ వెళ్లాను. ముదీర్ బల్ల మీద నేను కడిగిన పొట్లాలు వరుసగా పెట్టి ఉన్నాయి. కవర్ల లోపల పురుగులు తిరుగుతున్నాయి. మూలన విప్పని మూడు బస్తాలున్నాయి. "అవీ అంతేగా, తీసుకుపో" అన్నాడు హిందీలో. నాకు ఎక్కడ లేని కోపమూ వచ్చింది, ఆయన మీద కాదు, నా మీద. "విప్పి చూడండి. విప్పకుండా చెప్పొద్దు" అన్నాను. గొంతు పెద్దగానే లేచింది. తమ్ముడు నా కొంగు పట్టుకుని లాగినంత పని చేశాడు.

ముదీరే లేచి వచ్చి కుట్టు తెంచాడు. ఎర్రటి పొడి గుప్పున లేచి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. ఆయన మోచేతి దాకా చెయ్యి దించి, అడుగు నుంచి పప్పు తోడి, బల్ల మీద పరిచి కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ఇంకో బస్తా. ఇంకోటి. ఒక్క పురుగు లేదు.

"ఇవీ అవీ ఒకే చేనివా?"

"ఒకే ఊరివి. ఒకే రోజు వచ్చాయి."

"మరి వాటికెందుకు పట్టింది?"

"నేను కడిగాను."

ఆయన నా వైపు చూశాడు, పొట్లాల వైపు చూశాడు, మోచేతి దాకా ఎర్రబడ్డ తన చెయ్యి చూసుకున్నాడు. "అయితే పప్పులో పురుగు నువ్వే" అని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. పొట్లం మీద "మూడు నీళ్లు కడిగి వండుకోండి" అని తెలుగులోనూ అరబ్బీలోనూ రాయించాలన్న ఆలోచన కూడా ఆయనదే. నా పాడైన పొట్లాలు మాత్రం చెత్తలోకి పోయాయి. "సరుకు మంచిదే. కానీ కొనేదెవరు? రెండు శుక్రవారాలు చూస్తా" అన్నాడు.

కడగని పప్పు ఒక పొట్లం పట్టుకుని నేరుగా మహబూలా వెళ్లాను. వదిన ఈసారి ఇంట్లోనే ఉంది. పొట్లం విప్పి ముక్కు దగ్గర పెట్టుకుంది. అంతే, పక్క గది వాళ్లను కేకేసింది.

"రాండే! మనూరి పప్పు. మట్టి పట్టిచ్చింది!" తర్వాత నా మీద పడింది: "ఇది పెట్టుకోని ఇన్నాళ్లు ఎవురికి అమ్మాలని తిరిగినావు నువ్వు? మమ్మల్ని అడిగితివా?"

అడగలేదు. ఆకు బొమ్మ పొట్లం కొనేది మామాలాంటి వాళ్లే అనుకున్నాను. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, డ్రైవర్లు, తోటపని వాళ్లు కొంటారని నా బుర్రకు తట్టనే లేదు. మట్టి చూసి మొహం తిప్పుకునే వాళ్ల కోసం మట్టి కడిగాను కానీ, ఆ మట్టి వాసన కోసం మొహం వాచిన వాళ్లు నా దగ్గర తాళంచెవి ఉన్న ఆ ఫ్లాట్‌లోనే ఉన్నారు. వదిన ఫోన్లో వాయిస్ పెట్టింది. అది కడప వాళ్ల గ్రూపుల్లో ఎక్కడెక్కడికి పోయిందో గానీ, మరుసటి శుక్రవారం గోడౌన్ కౌంటర్ ముందు మా వైపు మాట తప్ప ఇంకో మాట వినబడలేదు. "ఇసుర్రాయిలో ఇసిరిందేనా?" అని అడిగి మరీ కొన్నారు. నా చెల్లెలి ఊరు ఏదో, చేను ఎటువైపో, కందులు ఎవరు విసిరారో అన్నీ అడిగారు. మా తమ్ముడు కూడా ఒక పొట్లం పట్టుకెళ్లాడు. "ఆయ్, మట్టి తినడం నేర్పేశారండి మాకు" అని మర్నాడు ఫోన్ చేశాడు. మామాకు కూడా అదే పప్పు వండాను. ఆకు బొమ్మ పొట్లం ఇప్పటికీ అలమరలో అలాగే ఉంది.

రెండో శుక్రవారం మధ్యాహ్నానికి మూడో బస్తా అడుగు గీకుతున్నారు. ముదీర్ తన గదిలోంచి బయటికొచ్చి, ఖాళీ సంచి దులిపి, మడిచి నా చేతికిచ్చాడు. "ఏటా పంపమను. ఆరుగురిదీ. కడగొద్దని చెప్పు" అన్నాడు. షట్టర్ బయట మెట్టు మీద కూలబడి చెల్లెలికి ఫోన్ చేశాను.

మొదటి రింగుకే ఎత్తింది. వెనక బండి స్టార్ట్ చేసిన చప్పుడు.

"అక్కా, నిన్నటి నుంచి ముసురు పట్టింది. ఆయన గోతం సంచి కట్టుకోని బండెక్కినాడు, ఎరువుకు పోతానంటాండాడు. నీ ఫోనొచ్చేదాకా నిలబడమని ఇప్పటి దాకా ఆపితి. ఏమంటివి?"

"పోయింది. పప్పంతా పోయింది. ఏటా తీసుకుంటారంట, ఆరుగురిదీ. పోవద్దని చెప్పు."

ఫోన్ చేత్తో పట్టుకునే వాకిట్లోకి పరుగెత్తింది. గాజుల చప్పుడు, వాన చినుకుల చప్పుడు, ఆ తర్వాత "బండి ఆపు! దిగు, దిగు! పోబల్లేదు!" అన్న కేక. రెండు క్షణాలు ఇంజన్ అలాగే గురగురలాడింది. తర్వాత ఆగిపోయింది.

నేను మోకాళ్ల మీద ఖాళీ సంచి పెట్టుకుని, అందరూ చూస్తుండగానే ఏడ్చేశాను. తమ్ముడు కంగారుగా టిష్యూ డబ్బా తెచ్చిచ్చాడు. మొహం తుడుచుకుంటే టిష్యూ ఎర్రగా వచ్చింది. "ఏటండీ, రక్తమా?" అని అడిగాడు. మట్టి అని చెప్పాను.