అంచున నిలబెట్టిన తమ్ముడు

ఆర్డిస్ థొరెసన్ ఎవరి మాటా వినదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. డెబ్భై రెండేళ్లొచ్చినా మారలేదు. మా ఊరు స్టెన్‌విక్‌లో వీధిలో నా హోటల్ ఎదుటే ఆవిడ ఫొటో స్టూడియో. ఊరంతా ఫోన్లతో బొమ్మలు తీసుకుంటుంటే, ఆవిడ మాత్రం ఇటుకంత బరువున్న ఫిల్మ్ కెమెరాని వదలదు. దానికి వెడల్పు లెన్సు. ఒకచోట నిలబడి నొక్కితే ఈ పక్క గిడ్డంగి నుంచి ఆ పక్క స్కూలు దాకా వీధంతా వచ్చేస్తుంది. ఒక్కో ఫిల్మ్ చుట్టకి ఎనిమిదే బొమ్మలు. ఎనిమిదింటిలో రానిది ఎనభైలోనూ రాదంటుంది.

ఆ లెన్సుకి ఒక జబ్బుంది. అంచున నిలబడ్డవాళ్లు అడ్డంగా సాగిపోతారు. అందుకని పెళ్లి ఫొటోల్లో ఆర్డిస్ లావువాళ్లని మధ్యకి లాగుతుంది, బక్కవాళ్లని చివరలకి తోస్తుంది. నన్ను నలభై ఏళ్లుగా నడిమధ్యనే నిలబెడుతోంది. ఆ కోపం నాకింకా పోలేదు.

పోయిన అక్టోబరులో, జిల్లాలాంటి మా కౌంటీని నడిపే బోర్డు మా నది మీది వంతెన మూసేస్తామంది. బాగుచేయించడం దండగట. వాళ్ల రిపోర్టులో మా వీధి ఫొటో ఒకటి పెట్టారు. తలుపులకి చెక్కలు కొట్టిన మూడు కొట్లు, మనిషన్నవాడు లేడు. ఊరే లేనప్పుడు వంతెన ఎవరికని బోర్డు అధ్యక్షుడు రాలండ్ ఐవర్‌సన్ అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మూలనున్న తేదీ, వేళ ప్రకారం అది ఆదివారం పొద్దున పదిన్నరకి తీసిన ఫొటో. ఆ వేళకి ఊరంతా చర్చిలో ఉంటుందని చిన్నపిల్లలకీ తెలుసు. పైగా దూరాన నిలబడి, జూమ్ చేసి ఆ మూడు కొట్లు మాత్రమే పడేట్టు తీశారు. వాటిని ఆనుకునే ఉన్న నా హోటల్ అందులో లేదు.

నా హోటల్ పోతే పోయింది. ఆర్డిస్ తమ్ముడు మైలో సంగతి వేరు. వాడి మూత్రపిండాలు చెడి మూడేళ్లయింది. వారానికి మూడుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవడానికి వంతెన దాటి ఆసుపత్రికి వెళ్లాలి. ఇరవై నిమిషాల దారి. వంతెన లేకపోతే గంటన్నర చుట్టు, మంచు పడితే అదీ ఉండదు. మైలో అప్పటికే చిక్కి పుల్లయి, చక్రాల కుర్చీకి చేరాడు.

నేను నా ఫోన్లో వీధి ఫొటోలు తీసి పంపితే, అవి కంప్యూటర్ గారడీ అని ఐవర్‌సన్ కొట్టిపారేశాడు. ఆ మాట విని ఆర్డిస్ కెమెరా బయటికి తీసింది.

"నెగటివ్ తీసుకెళ్లి వాడి చేతిలో పెడతానే. దాన్ని కూడా కంప్యూటరే కన్నదంటాడేమో చూస్తాను," అంది.

ఆదివారం చర్చి అవగానే అందరినీ వీధిలో నిలబెట్టింది. చలిగాలికి ముక్కులు ఎర్రబడ్డాయి. మూడుకాళ్ల స్టాండు సరిచేసింది, రసమట్టం బుడగ చూసింది, కదిలినవాళ్లని పేరుపేరునా తిట్టింది. ఊపిరి గట్టిగా పీల్చానని నన్నూ తిట్టింది. ఎనిమిదీ తీసి ఇంటికి పోయింది.

సాయంత్రం హోటల్ నిండుగా ఉండగా వచ్చి, కోటు కూడా విప్పకుండా నడిమధ్య నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"మూత తియ్యలేదు. ఎనిమిదీ ఖాళీ. తప్పు నాది," అంది.

ఆ కెమెరాలో లెన్సు గుండా చూడరు, నెత్తిన వేరే అద్దం ఉంటుంది. లెన్సుకి మూత ఉన్నా పై అద్దంలో లోకమంతా చక్కగా కనబడుతుంది. కొత్తవాళ్లు చేసే తప్పు. యాభై ఏళ్లు తీసిన మనిషికి ఆ రోజు ఐవర్‌సన్ మీది కోపంతో కళ్లు మూసుకుపోయాయి. ఆవిడ నోట తప్పు అనే మాట నేను వినడం అదే మొదలు. మూలనుంచి మైలో అందుకున్నాడు.

"ఊరందరికీ నిలబడ్డం నేర్పావు కదక్కా. రేపు మేమొచ్చి నీకు మూత తియ్యడం నేర్పుతాంలే."

హోటలంతా నవ్వింది. ఆర్డిస్ కూడా నవ్వి, కళ్లు తుడుచుకుంది.

మంగళవారమే బోర్డు సమావేశం, సోమవారం చూస్తే పనిదినం. సగంమంది వస్తే గొప్ప అనుకున్నాను. ఆదివారం రానివాళ్లూ వచ్చారు. పొద్దుతిరుగుడు కోతలో ఉన్నవాళ్లు కోతయంత్రాలు దిగకుండా నేరుగా వీధిలోకి తోలుకొచ్చారు. ఆర్డిస్ మూత తీసి నా చేతిలో పెట్టి, అది కిందపడితే చంపేస్తానంది. నన్ను మళ్లీ మధ్యనే నిలబెట్టింది. మైలో చక్రాల కుర్చీని మాత్రం ఎడమ అంచుకి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ జరిపించింది.

మంగళవారం బోర్డు ముందు మూరెడు ఫొటో పరిచి, పక్కన నెగటివ్ పెట్టింది. నూట నలభై ఒక్కరు. ఐవర్‌సన్ కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ చూసి, ఎడమ అంచున వేలు పెట్టాడు.

"ఇదంతా వంకర. ఈ కుర్చీలో మనిషి చూడండి, గోధుమ బస్తాలా ఉన్నాడు. మనిషెక్కడైనా ఇలా ఉంటాడా? అబద్ధపు ఫొటో ఇది."

నేను లేవబోయాను. ఆర్డిస్ నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టింది. తలుపు దగ్గరున్న మైలోని చూపించింది. ఎముకలగూడు, ఒళ్లో దుప్పటి.

"వాడే ఆ బస్తా. నా తమ్ముడు. మీరన్నది నిజమే, అంచున పెడితే సాగుతారు. వాణ్ణి ఒక్కసారైనా ఒళ్లు చేసినట్టు చూసుకోవాలని నేనే అక్కడ పెట్టాను. ఆ ఒక్క అబద్ధం నాది. మరి మీ ఫొటోలో వంకరేం లేదు, మా వాడే లేడు. వంతెన మూసేయండి, వచ్చే ఏటికి మీ ఫొటోయే నిజమవుతుంది."

ఐవర్‌సన్ మైలో వైపు చూడలేకపోయాడు. బోర్డులో ఐదుగురు. నలుగురు వంతెన బాగుచేయాలని చేతులెత్తారు.

మొన్న గురువారం కూడా మైలో దాని మీదుగానే ఆసుపత్రికి వెళ్లాడు. బండి ఆర్డిస్ తోలింది. వంతెన దాటేదాకా హారన్ మోగిస్తూనే ఉంది.